వాయిదా: వేసేవారు, పడేవారు

జిల్లా కోర్టు వార్తలు రాసిన రోజుల్లో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఒకటే. "వాయిదా ఎప్పటికి పడింది బాబూ?"

వరండాలో సిమెంటు దిమ్మ మీద కూర్చున్న పెద్దామె అడుగుతుంది. లోపల బంట్రోతు ఆమె కొడుకు పేరు మూడుసార్లు కేకేశాడు. కుర్రాడు బోనులో నిలబడ్డాడో లేదో బయటికి పంపేశారు. ప్లీడరుగారు నల్లకోటు సర్దుకుంటూ పక్క హాల్లోకి పరుగెత్తారు. గుమాస్తా చేతిలో డైరీ ఉంది గానీ ఆయన చుట్టూ పదిమంది మూగారు. జేబులో పెన్ను పెట్టుకుని తిరుగుతున్నాను కనక నాకు తెలిసే ఉంటుందని ఆమె లెక్క. తెలిస్తే చెప్పేవాణ్ణి, తెలియకపోతే గుమాస్తాను అడిగి చెప్పేవాణ్ణి. ఆమె ఆ తేదీని రెండుమూడుసార్లు పైకే అనుకుని, బస్సు వేళయిందంటూ లేచి వెళ్ళిపోయేది.

అప్పట్లో నా ధ్యాసంతా తేదీ మీదే. ఆ వాక్యంలోని క్రియ నన్ను పట్టుకున్నది చాలా ఏళ్ళ తర్వాత. ‘పడింది.’ వాన పడుతుంది, పిడుగు పడుతుంది, శిక్ష పడుతుంది, వాయిదా పడుతుంది. పైనుంచి వచ్చి మీద పడేవాటికి, మన ప్రమేయం లేనివాటికి తెలుగువాడు వాడే క్రియ అది. అదే సంగతి కోర్టు వైపు నుంచి చెబితే ‘వేశారు’ అవుతుంది. ఎవరు వేశారన్నది చెప్పనక్కర్లేదు, ఆ గౌరవ బహువచనమే చాలు. ఒకరు వేస్తారు, ఒకరి మీద పడుతుంది.

తమాషా ఏమిటంటే ఈ మాట పుట్టిందే మాట ఇవ్వడంలో.

అరబ్బీలో వాగ్దానానికి సంబంధించిన ధాతువు ఒకటుంది. దాని నుంచి వచ్చిన శబ్దం ఫారసీ మీదుగా ఉర్దూలోకి వచ్చి ‘వాదా’ అయింది. హిందీ సినిమా పాటల్లో ప్రేయసీప్రియులు చేసుకునేది, ఒకరు తప్పితే మరొకరు కుమిలేది ఆ వాదా గురించే. మరాఠీ వాళ్ళు దాన్నే ‘వాయదా’ అన్నారు. ఫలానా రోజుకు ఫలానాది చేస్తానన్న ఒడంబడిక, ఆ ఒడంబడికకు పెట్టుకున్న రోజు, రెండూ దానికి అర్థాలే. హిందీ, గుజరాతీ వ్యాపారులు సరుకుల ముందస్తు బేరాన్ని ఇప్పటికీ ‘వాయదా’ అనే పిలుస్తారు. దస్తావేజులతో, దఫ్తర్లతో, జమాబందీలతో పాటు ఇదీ మన కచేరీల్లోకి వచ్చి వాయిదాగా స్థిరపడింది.

ఇక్కడికి వచ్చాక దాని అర్థం మెల్లగా జారింది. మాట ఇవ్వడం కాస్తా మాట ఇచ్చిన రోజయింది. ఆ రోజు ఇంకో రోజుకు జరిగింది, ఆపైన జరగడమే అర్థమై కూర్చుంది. ఇవాళ పరీక్షలు వాయిదా అంటే పరీక్షలు లేవని పిల్లలకు సంబరం. శాసనసభలో వాయిదా తీర్మానం అంటే ఉన్న పని ఆపమని అడగడం. ‘వాయిదా వేయకు, ఇవాళే చెయ్యి’ అని పిల్లాడికి చెబుతున్నామంటే, చేస్తానన్న మాట చెయ్యకపోవడానికి పేరైందన్నమాట. మనం ఒక్కళ్ళమే ఇలా చేశామని నొచ్చుకోనక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ళ ‘అడ్జర్న్’ కూడా పాత ఫ్రెంచిలో ‘రోజుకు’ అన్న పదబంధం నుంచి వచ్చింది. ఒకరికి ఒక రోజు నిర్ణయించి చెప్పడం దాని మొదటి అర్థం. కచేరీ గాలి తగిలితే ఏ భాషలోనైనా ఇలాంటి మాటకు ఇదే గతి పడుతుంది కాబోలు.

అయితే పాత అర్థం పూర్తిగా చావలేదు. అప్పుల దగ్గర బతికే ఉంది. "సంక్రాంతికి ఇస్తానని వాయిదా పెట్టాడు" అంటాం. ఇక్కడ క్రియ పడడమూ కాదు, వేయడమూ కాదు, ‘పెట్టడం’. పెట్టినవాడు కనిపిస్తాడు, అతనికి ఒక ముఖం ఉంది, సంక్రాంతి నాడు ఆ ముఖం చూపించాలి. ‘వాయిదాల మీద’ టీవీ కొన్నవాడు నెలనెలా ‘కడతాడు’. తప్పితే ‘వాయిదా తప్పాడు’ అంటారు, మాట తప్పాడన్న వాక్యానికి అది సొంత తమ్ముడు. అంటే బజారులో వాయిదా ఇప్పటికీ మాటే. కోర్టు గడప లోపలే అది జడివాన.

కోర్టులో వాయిదా తప్పితే ఏమవుతుంది? ముద్దాయి తప్పితే నాన్ బెయిలబుల్ వారెంటు రావచ్చు, తెల్లవారకముందే కానిస్టేబులు తలుపు కొట్టవచ్చు. సాక్షి రాకపోతే, పోలీసులు కాగితాలు తేకపోతే, ప్రాసిక్యూటరు లేకపోతే, జడ్జిగారు సెలవు పెడితే ఇంకో వాయిదా పడుతుంది. సివిల్ కేసుల్లో ఒక పక్షానికి మూడుసార్లకు మించి ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎప్పుడో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత క్రిమినల్ కేసుల్లోనూ, పరిస్థితి పార్టీల చేతిలో లేనప్పుడు రెండుసార్లకు మించవద్దంటోంది. వరండాలో కూర్చున్నవాళ్ళకు ఈ లెక్కలు చెప్పి చూడండి, నవ్వుతారు. 2022 చివర్లో దేశంలోని జైళ్ళలో 5.73 లక్షల మంది ఉంటే అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్బయ్యయిదు మందికి పైగా వాయిదాలు తిరుగుతున్నవాళ్ళు!

నేరంలో ఇరుక్కున్న మనిషికీ, అతన్ని చూసుకునే ప్రభుత్వ సిబ్బందికీ మధ్య నమ్మకం ఎలా కుదురుతుందని అడిగితే నాకు మొదట ఈ క్రియలే గుర్తొస్తాయి. సదస్సుల్లో ఈ సంగతి మాట్లాడేవాళ్ళు దయ గురించి, కౌన్సెలింగ్ గురించి, మనసు మార్పు గురించి చెబుతారు. మంచిదే. కానీ వరండాలో కూర్చున్నవాడు అంత దూరం చూడడు. ఫలానా రోజు రమ్మన్నారు, వచ్చాను, మీరున్నారా? అతని పరీక్ష అదొక్కటే.

ఈ కోర్టు ప్రపంచంలోని మిగతా మాటలూ ఒకసారి చూడాలి. ఇవన్నీ పొరుగు నుంచి వచ్చి ఇక్కడ వంకర తిరిగినవే. ‘ముద్దాయి’నే తీసుకోండి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, వాది. దావా, ముద్దయీ ఒక ధాతువు పిల్లలే. తెలుగులోకి వచ్చేసరికి ఫిర్యాదు చేసినవాడి పేరు పోయి ఫిర్యాదు ఎవరి మీద ఉందో వాడికి అంటుకుంది. లక్నో నుంచి వచ్చిన పెద్దమనిషికి మన పేపరు చదివి వినిపిస్తే, వాదిని అరెస్టు చేశారేమిటని బెంబేలెత్తిపోతాడు. ‘ములాఖత్’ అంటే కలుసుకోవడం, ఎవరు ఎవరినైనా సరే. మన పత్రికల్లో మాత్రం జైలు జాలీకి అటూ ఇటూ నిలబడి కలుసుకోవడానికే కేటాయించారు. ‘కేడీ’ సంగతి ఇంకా చిత్రం. చూస్తే అచ్చతెలుగు తిట్టులా ఉంటుంది. అది పోలీసు రికార్డులో రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలు, నోన్ డెప్రడేటర్, అంటే దోచుకునేవాడని ఎరిగున్న మనిషి. స్టేషను రిజిస్టరులోంచి వీధిలోకి నడిచొచ్చి, అల్లరి పిల్లల్ని ముద్దుగా తిట్టే మాటయింది, సినిమా పేరు కూడా అయింది.

సర్వనామాల సంగతి చెప్పకపోతే నా వృత్తికి అన్యాయం చేసినట్టు. సెల్‌ఫోను దొంగిలించాడన్న ఆరోపణ ఉన్నవాడు మా పేపర్లలో ‘అతడు’. కోట్లు మింగాడన్న ఆరోపణ ఉన్న నాయకుడు ‘ఆయన’. ఇద్దరి మీదా నేరం రుజువు కాలేదు, ఇద్దరూ చట్టం ముందు నిర్దోషులే. తెలుగు వ్యాకరణం ముందు కాదు. నేనూ అలాగే రాశాను, డెస్కులో ఎవరూ దిద్దలేదు. స్టేషనులో ‘ఏరా’, కోర్టులో ఏ ‘గారు’ లేని ఉత్త పేరు, జైల్లో నంబరు. ఇన్ని పిలుపులు దాటి వచ్చిన మనిషి ఎదుట ఒక అధికారి కూర్చుని "నన్ను నమ్ము" అంటే అతను నమ్మకపోవడంలో ఆశ్చర్యమేముంది?

నమ్మి వదిలిపెట్టడం మన సాహిత్యానికి కొత్తేమీ కాదు. అనంతామాత్యుడి ‘భోజరాజీయం’లో గోవ్యాఘ్ర సంవాదం తరాల తరబడి బడిపిల్లలు చదువుకున్న పాఠం. పులి చేతికి చిక్కిన ఆవు, లేగదూడకు పాలిచ్చి తిరిగి వస్తానంటుంది. పులి నమ్మదు. ఆవు ఒట్లు పెడుతుంది. పులి వదులుతుంది, ఆవు తిరిగి వస్తుంది. పెరోల్ అంటే సరిగ్గా ఇదే. ఫ్రెంచిలో ‘పరోల్’ అంటే మాట. మళ్ళీ కత్తి పట్టనని మాట ఇచ్చిన యుద్ధఖైదీని వదిలిపెట్టే ఆచారం నుంచి ఆ పదం జైళ్ళలోకి వచ్చింది. ‘పెరోల్‌పై విడుదల’ అన్న శీర్షికను తెనిగిస్తే ‘మాట మీద విడుదల’.

ఆ పాఠం చెప్పిన మాస్టార్లందరూ ఆవు సత్యసంధతనే మెచ్చుకున్నారు. మా మాస్టారూ అంతే. నాకు ఈ మధ్య పులి మీద గౌరవం పెరుగుతోంది. ఆవు తిరిగి వచ్చేసరికి పులి అక్కడే ఉంది! ఆకలితో ఉన్న జంతువు, ఇంకో వేట చూసుకోవచ్చు. పోనీ, వచ్చినప్పుడు చూద్దాంలే అని గుహలో పడుకోవచ్చు. ఆవు వచ్చి, పులి లేక, "రేపు రా" అని నక్క చేత కబురందుకుని వెనక్కి పోయి, మర్నాడు మళ్ళీ వచ్చి ఉంటే ఎన్ని రోజులు వచ్చేది? ఆ కథలో వాయిదాకు ఇద్దరూ హాజరయ్యారు.

1841లో బోస్టన్‌లో జరిగింది కూడా దాదాపు ఇదే. జాన్ అగస్టస్ అని బూట్లు కుట్టే ఆయన ఒకరోజు పోలీసు కోర్టులో కూర్చుని ఉండగా ఒక తాగుబోతును తెచ్చి నిలబెట్టారు. అగస్టస్ అతనితో కాసేపు మాట్లాడి, ఇతనికి నేను పూచీ ఉంటానన్నాడు. మూడు వారాలు గడువిచ్చారు. గడువు నాటికి ఇద్దరూ కలిసి కోర్టుకు వచ్చారు. తాగుబోతు ఎంత మారిపోయాడంటే, జడ్జి ఒక్క సెంటు జరిమానా, ఖర్చులు వేసి పంపేశాడు. అగస్టస్ 1859లో చనిపోయేలోపు సుమారు రెండు వేల మందికి ఇలా పూచీ పడ్డాడు. ప్రొబేషన్ అనే పద్ధతి ప్రపంచానికి అలా వచ్చింది. ఇక్కడ మనం చూడాల్సింది ‘ఇద్దరూ కలిసి’ అన్న ముక్క.

పూచీ మంచి మాట. నమ్మకం మనసులో ఉంటుంది, పూచీ నెత్తిన ఉంటుంది. నమ్మినవాడికి ఖర్చు లేకపోవచ్చు గానీ, పూచీ పడినవాడికి తప్పకుండా ఉంటుంది. ఇంగ్లీషు ‘బెయిల్’ మూలం వెతుక్కుంటూ పోతే లాటిన్‌లో బరువు మోసే కూలీ దగ్గర తేలతాం. జామీను అన్నది అరబ్బీలో హామీ ఉండే మనిషి పేరు. రెండిటిలోనూ మొదట మనిషే ఉన్నాడు. తర్వాత మనిషి పోయి ఇంటిపన్ను రసీదు వచ్చింది. కోర్టు ఆవరణలో చెట్టు కింద ఆ రసీదులతో నిలబడి, ముక్కూమొహం తెలియనివాడికి జామీను పడి, రోజుకింత సంపాదించేవాళ్ళను చూశాను. పూచీకత్తు ఉంది, పూచీ లేదు.

1978లో మోతీరామ్ అనే మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పది వేల రూపాయల జామీను అడిగాడు. సోదరుడు పూచీ ఉంటానంటే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్‌కు ఒళ్ళు మండింది. ఆ తీర్పులో ఆయన వేసిన ప్రశ్నలో మనమూ ఉన్నాం: ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో తెలుగువాడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే, అక్కడ ఆస్తులున్న పూచీదారుల్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు? మరుసటి ఏడాది హుస్సేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ భగవతి, ఊళ్ళో వేళ్ళున్న మనిషిని సొంత పూచీకత్తు మీదే వదలవచ్చన్నారు. ‘సొంత పూచీకత్తు’ అన్న మాటను రోజూ పేపర్లో చదువుతున్నాం గానీ ఆగి చూడం. నాకు నేనే జామీను, నా మాటే నా ఆస్తి అని దాని అర్థం. వెనక ఆస్తి లేనివాడికి చట్టం ఇవ్వగల మర్యాద అంతకన్నా లేదు.

ఆ మర్యాదకు పూర్తిగా వ్యతిరేక దిశలో మన గడ్డ మీద కట్టిన ఊరొకటుంది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించాక, ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ సెటిల్‌మెంటులో పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే పెద్దదొరది. ఆ చట్టం కింద మనిషి చేసిన పనితో నిమిత్తం లేదు, పుట్టుక చాలు. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, చెప్పిన వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. వాయిదా ఇంతకంటే నగ్నంగా ఎక్కడా కనపడదు. ఒక పక్షానికి రోజూ హాజరు, రెండో పక్షానికి ఏ మాటా ఇవ్వాల్సిన పనిలేదు. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరుకు అంటిన అనుమానం రద్దు కాలేదు, సినిమాలు ఇప్పటికీ దాన్ని అమ్ముకుంటున్నాయి. 1970ల్లో నాస్తికోద్యమకారుడు గోరా కుమారుడు లవణం, ఆయన భార్య, కవి జాషువా కుమార్తె అయిన హేమలత ఆ ఊరికి రాకపోకలు మొదలుపెట్టారు. 1960లో వినోబా ముందు చంబల్ బందిపోట్లు ఆయుధాలు దించినప్పటి అనుభవం వాళ్ళకుంది. వాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన సంస్కార కార్యక్రమం గురించి చాలా రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. వాళ్ళు వస్తామన్నప్పుడల్లా వచ్చారన్నదొక్కటే ఈ పదచర్చకు కావలసింది.

జైళ్ళలోనూ ఇలాంటి ప్రయత్నాలు లేకపోలేదు. 1930ల చివర్లో ఔంధ్ సంస్థానంలో గోడల్లేని జైలు పెట్టారు. శాంతారామ్ ‘దో ఆంఖే బారహ్ హాథ్’ 1957లో ఆ ప్రయోగం మీదే వచ్చింది. జైపూర్ దగ్గర సాంగానేర్‌లో 1963 నుంచి ఖైదీలు పెళ్ళాంబిడ్డలతో ఉంటూ, పగలు బయట పనికి పోయి, హాజరు వేళకు తిరిగొస్తున్నారు. అనంతపురం జిల్లా రెడ్డిపల్లిలో మనకూ ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది. చంచల్‌గూడ జైలు బయట పెట్రోలు బంకులో శిక్ష పడినవాళ్ళే డబ్బు తీసుకుని చిల్లర ఇస్తుంటే వేలమంది బళ్ళలో పెట్రోలు పోయించుకుంటున్నారు. చిల్లర లెక్కపెట్టుకోకుండా వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. అది చూసినప్పుడు నాకు సరదాగా ఉంటుంది.

ఇక నేను దగ్గరగా చూసినది చెబుతాను. ఆదివారం సంచిక వ్యాసం కోసం ఒక ప్రొబేషన్ ఆఫీసరు దగ్గరికి కొన్ని నెలలు వెళ్ళాను. ఊరు, పేరు అనవసరం. పాత భవనంలో రెండు గదులు, ఒక బీరువా, కిటికీ పక్కన ఆవిడ బల్ల. నేరస్థుల ప్రొబేషన్ చట్టం మనకు 1958లో వచ్చింది. ఉరి గానీ యావజ్జీవం గానీ పడే నేరం కాకపోతే, మంచి నడవడి మీద వదిలిపెట్టవచ్చు, గడువు మూడేళ్ళు దాటకూడదు. ఇరవై ఒకటి నిండనివాడయితే జైలుకు పంపేముందు ప్రొబేషన్ ఆఫీసరు నివేదిక తెప్పించుకోవాలి. షరతు తప్పితే మొదటిసారి కోర్టు వేయగల జరిమానా యాభై రూపాయలకు మించకూడదు. 1958 నాటి యాభై అది.

1907 నాటి ఇంగ్లాండు చట్టం ప్రొబేషన్ ఆఫీసరు పనిని మూడు క్రియల్లో చెప్పింది: సలహా ఇవ్వు, సాయం చెయ్యి, స్నేహంగా ఉండు. మన చట్టం 14వ సెక్షన్‌లో సలహా ఉంది, సాయం ఉంది, పని చూపించే ప్రయత్నం కూడా ఉంది. స్నేహం రాలేదు. తర్వాత్తర్వాత ఆ దేశంలోనూ ఆ మాట జారిపోయి, ఆఫీసరు కాస్తా ‘అఫెండర్ మేనేజర్’ అయ్యాడు. అసలు ప్రొబేషన్ అంటే లాటిన్‌లో పరీక్షించి చూడడం. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికీ, నేరం చేసి దొరికినవాడికీ మన ప్రభుత్వం ఒకటే మాట వాడుతుంది. 2019లో చేరిన ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయ ఉద్యోగులు ప్రొబేషన్ ఖరారు కోసం రెండేళ్ళు దాటాక కూడా ఎదురుచూసి చూసి రోడ్డెక్కారు. ఇస్తామన్న రోజు జరిగిపోతుంటే కడుపు ఎలా రగులుతుందో వాళ్ళనడిగితే చెబుతారు.

నేను చూసిన ఆ ప్రొబేషన్ ఆఫీసరు దగ్గరికి పంతొమ్మిదేళ్ళ కుర్రాడొకడు వచ్చేవాడు. బైకు మెకానిక్ షెడ్డులో హెల్పరు. రోడ్డు పక్కన ఆపిన బళ్ళలోంచి బ్యాటరీలు తీసి అమ్మి పట్టుబడ్డాడు. ఏడాది గడువు, నెలకు రెండుసార్లు ఆవిడకు కనపడాలి. మొదటి రోజు ఇంటి చిరునామా తప్పు చెప్పాడు. ఆవిడకు ఆ సంగతి వెంటనే తెలుసు, ఏమీ అనలేదు. వాడిన ఫుల్‌స్కేప్ కాగితాన్ని స్కేలు పెట్టి చించి, తిరగేసి, మళ్ళీ ఎప్పుడు రావాలో తారీఖు, టైము రాసింది. కింద రెండు గీతలు గీసింది. "ఇక్కడ నువ్వు వచ్చినట్టు సంతకం పెడతావు. ఇక్కడ నేను ఉన్నట్టు పెడతాను." రెండో గీత మీద ఆవిడ సంతకం లేకపోతే ఆ రోజు తప్పు తనదేనంది. కుర్రాడు ఆవిడ వంక అనుమానంగా చూశాడు. ఇదేదో కొత్త రకం ఉచ్చని అనుకున్నానని తర్వాత నాతో చెప్పాడు.

రెండోసారి కావాలనే గంట ఆలస్యంగా వచ్చాడు. ఆవిడ ఉంది. వచ్చిన టైము వేసి సంతకం పెట్టించింది. మూడోసారి పది నిమిషాలు ముందే వచ్చాడు. నాలుగోసారి రానేలేదు. అయిదోసారి రాబోయే ముందురోజు సాయంత్రం షెడ్డుకు ఫోను వచ్చింది. కలెక్టరేట్‌లో మీటింగు పెట్టారు, రేపు నేను ఉండను, శుక్రవారం రా అని ఆవిడే చెప్పింది. నేను షెడ్డుకు వెళ్ళినప్పుడు ఈ సంగతి అతను చెప్పలేదు, వాళ్ళ మేస్త్రీ చెప్పాడు. ఫోను పెట్టేశాక కుర్రాడు స్పానరు చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడట. "మేడమ్ రావద్దని ఫోన్ చేశారన్నా" అని నలుగురికీ చెప్పాడట. అప్పటిదాకా స్టేషను నుంచి గానీ కోర్టు నుంచి గానీ రమ్మని తప్ప వద్దని ఎవరూ కబురు చేసి ఎరగరు. ఆ శుక్రవారం ఆవిడ చీటీ రాస్తుంటే, అడగకుండానే సరైన చిరునామా చెప్పాడు.

ఇదంతా విని ఆవిడ మెత్తని మనిషి అనుకుంటే పొరపాటు. ఎనిమిదో నెలలో అతను తాగడం మొదలుపెట్టాడు, మళ్ళీ ఒకసారి ఎగ్గొట్టాడు. కోర్టుకు పంపే నివేదికలో ఇది రాస్తానని ఆవిడ ముందే చెప్పింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఏం రాసిందో అతనికి చదివి వినిపించింది. అతను తల వంచుకుని విన్నాడు. ‘మూడుసార్లు హాజరు కాలేదు’ అన్న చోట తలెత్తి, "రెండుసార్లే మేడమ్" అన్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. ఆధార్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, వాటి వెనక మడతలు పెట్టిన చీటీలు. ఒక్కొక్కటీ బల్ల మీద పరిచాడు. మీటింగు రోజు చీటీలో రెండు గీతలూ ఖాళీగా ఉన్నాయి. ఆవిడ దాన్ని కూడా అతని ఖాతాలో వేసేసింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, మూడు కొట్టేసి రెండు చేసి, పక్కన చిన్న సంతకం పెట్టింది. "సరే. రెండు. తాగుడు సంగతి మాత్రం ఉంటుంది."

"ఉండనివ్వండి మేడమ్. అది నిజమేగా" అన్నాడు.

అధికారికీ నేరస్థుడికీ నిజంగా స్నేహం కుదురుతుందా అన్న అనుమానం నాకింకా ఉంది. ఆవిడ చేతిలో అతని జైలు ఉంది. అది ఇద్దరికీ తెలుసు. ఆ తెలివిడి ఉన్నచోట స్నేహమన్న మాట కాస్త ఎక్కువే. అయినా తనకు వ్యతిరేకంగా రాసిన కాగితంలో తప్పు పట్టుకుని చెప్పగలిగాడు, ఆవిడ దిద్దుకోగలిగింది. న్యాయవ్యవస్థ మనిషి ఎదుట అతను అబద్ధం చెప్పనక్కర్లేదనుకున్న రోజు అది. మర్యాదగా చూశారు, చెప్పుకోనిచ్చారు అనుకున్నవాళ్ళు తీర్పు తమకు వ్యతిరేకంగా వచ్చినా దాన్ని ఒప్పుకోవడానికి ఎక్కువ సిద్ధపడతారని షికాగో ప్రజల మీద అధ్యయనం చేసిన టామ్ టైలర్ 1990లో పుస్తకమే రాశాడు. మా పెద్దామెను అడిగినా చెప్పేది.

మన రెండు రాష్ట్రాల్లో ఆదివారం పూట రౌడీషీటర్లను స్టేషనుకు పిలిచి వరసగా నిలబెట్టి కౌన్సెలింగ్ చేస్తారు. ఎన్నికలు వస్తే తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. అందులో కొంత అవసరమే, కాదనను. ఆ రిజిస్టరులో సంతకాలకు గడి ఒక్కటే ఉంటుంది, వచ్చినవాడిది. పిలిచినవాడికీ పక్కన ఒక గడి గీస్తే ఎంత ఖర్చవుతుంది?

పదం సంగతికి వస్తే, తెలంగాణలో చాలాచోట్ల వాయిదా కంటే ‘తారీఖు’ ఎక్కువ వినపడుతుంది. పేషీ అనే మాట మొదట హాజరు పరచడమే. ఇప్పుడది మంత్రిగారి కార్యాలయానికి పేరయింది, అక్కడా జనం ఎదురుచూస్తూనే ఉంటారు. మీ వైపు కోర్టు గుమాస్తాలు, జైలు వార్డర్లు, జామీనుదారులు, వాయిదాలు తిరిగి అరిగిపోయినవాళ్ళు ఇంకేం మాటలు వాడతారో రాయండి. ముఖ్యంగా, వాయిదా ‘పెట్టారు’ అని కోర్టు గురించి ఎవరైనా అనగా విన్నారా? నేను ఒక్కసారీ వినలేదు.